మోదుగువంచ ముద్ర

ఇంకాసేపు ఆగితే మళ్లీ కనబడుతుందేమో, తడి ఆరితే కొన్ని రంగులు పైకి తేలుతాయి, చీర ఉతికినప్పుడు వెలిసిపోయినట్టుండి తీగ మీద ఆరాక మళ్లీ నిండుగా కనబడదూ, ఇదీ అట్లాగే కావచ్చు అనుకుంటూ సదానందం పోస్టుకార్డును కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు, పట్టుకుంటే అవతలి వెలుతురు కార్డులోంచి ఇవతలికి వచ్చింది గాని ముద్ర మాత్రం రాలేదు, సేటు చిరునామా ఉంది, అచ్చు స్టాంపు ఉంది, వెనక చీరల దుకాణంవాడెవడో బాల్‌పెన్నుతో రాసుకున్న నాలుగు ముక్కలు ఉన్నాయి, ముద్ర ఉండాల్సిన చోట మాత్రం అప్పుడే కొన్న కార్డంత శుభ్రంగా ఉంది, స్టూలు మీద నీలం టబ్బులో నీళ్లు చూస్తే ఎవరో నేరేడు పళ్లు పిసికి పోసినట్టున్నాయి, ఇందాక చాయ్ తాగి కూర్చున్నప్పుడు అవి ఉత్త నల్లా నీళ్లు, గోరువెచ్చగా కాచి తనే పోశాడు, తన చేత్తోనే కార్డును పండుకోబెట్టాడు, వంటగట్టు దగ్గర్నుంచి వజ్రమ్మ ఏందయ్యా గంట సేపటి సంది ఆ టబ్బు పట్టుకోని కూసున్నవు, నల్లా వచ్చే టైమాయె, నాకది కావాలె అంటోంది, ఆమెకేం తెలుసు, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి కూడా ఈ టబ్బులో ఉన్నవి ఏం నీళ్లో తెలియదు, చెబుదామని నోరు తెరిచాడు, నోట్లో తడి లేదు, ఉన్నదంతా టబ్బులోనే ఉంది.

తపాలా సిరా కారదే, అది నూనె సిరా, నిప్పుకు కాలుతుంది గాని నీళ్లకు కరగదు, ఎన్ని వందల ముద్రలు నానబెట్టి తీశాడు ఇదే టబ్బులో, ఒక్కటంటే ఒక్కటి కదిలిందా, నేర్పిన మనిషి సామాన్యుడా, రామలింగేశ్వరరావుగారు, రైల్వేలో పెద్ద గుమాస్తా, గోదావరి మనిషి, రద్దీ కాగితాల దుకాణంలో ఒకే కట్ట మీద ఇద్దరి చేతులూ పడ్డాయి, ఆయనకు కావాల్సింది స్టాంపు, సదానందానికి కావాల్సింది దాని మీద నల్లగా పడిన ఊరి పేరు, అయితే మనకి తగువే లేదండీ, బియ్యం మీవి, ఊక నాది అని నవ్వి ఇంటికి తీసుకెళ్లి విశాలాక్షమ్మగారి చేత కాఫీ ఇప్పించి, సదానందంగారూ, గుంజకండి, కాగితం దానంతటదే వదిలేదాకా ఓపిక పట్టండి, తపాలా సిరాని నీళ్లేం చెయ్యలేవండి అని చేయి పట్టుకుని నేర్పాడు, సాంచాల మీద, మరమగ్గాల మీద పనిచేసే మనిషిని గారూ అని పిలిచింది సూరత్ మొత్తం మీద ఆయనొక్కడే, ఆయన పోయాడు, ఆయన మాట మాత్రం వేదంలా పట్టుకున్నాడు సదానందం, ఓపికకేం తక్కువ, ఊరి పేరున్న గుండ్రటి ముద్ర ఒకటి దొరికితే రెండు పూటలు అన్నం లేకపోయినా ఫర్వాలేదు, రాళ్లవాగు, తాటిచెర్ల, బొమ్మెన, చిన్న చిన్న బ్రాంచి ఆఫీసులు, ఒక అరుగు, ఒక పెట్టె, ఒక ముద్ర, సగం ఎత్తేశారు, సగం పక్క ఊళ్లో కలిపేశారు, ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆయన బడిలో నేర్వలేదు, ఆ ముద్రల అంచుల చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్నాడు, ఊరి మీద గంత ప్రేముంటే ఊరికి పోవాలె గని గీ ముద్దరలేంది, పెండ్లాం మీద ప్రేముండి చీరె అంచు దాసుకున్నట్టు అని వజ్రమ్మ ఎకసెక్కాలాడేది, ఊరికి పోదామంటే ఊరేదీ, మోదుగువంచ మీద డ్యాం నీళ్లు నిలిచి ఎన్నేళ్లయింది, జనాన్ని తీసుకెళ్లి గుట్ట పక్కన కాలనీలో పడేశారు, ఆ కాలనీకి ఉత్తరం రాయాలంటే వేరే ఊరి పేరు రాయాలి, చుట్టుపక్కల ఊళ్లన్నీ దొరికాయి ఆయనకు, వాగవతలివీ దొరికాయి, ఒక్క మోదుగువంచే దొరకలేదు, పెళ్లికి ఊరంతా వచ్చి పెళ్లికొడుకు రాకపోయినట్టు.

నిన్న వచ్చాడు పెళ్లికొడుకు. సలాబత్‌పురా చీరల దుకాణం కొత్త మార్కెట్టుకు మారుస్తున్నాడు సదానందం పనిచేసే సేటు, అటక మీద లెక్కలు రాసే ముసలి మునీమ్ కాలం నాటి కట్టలు, పల్లెటూరి బేరగాళ్లు చీరలు పంపమని రాసిన కార్డులు, ఆ మునీమ్ ఎంత జాగ్రత్తపరుడో, కార్డులన్నిటికీ ఒక అంచున ఖాకీ కాగితం గంజితో అతికించి పుస్తకంలా కుట్టాడు, లే జా సదాభాయ్, రద్దీ హై అన్నాడు సేటు, తీసుకుపో అని ఎంత తేలిగ్గా అన్నాడు, కార్డులు తిప్పుతున్నాడు సదానందం, నల్లది, నల్లది, నల్లది, ఉన్నట్టుండి ఊదాది, రంగు ముద్రంటే రావుగారైతే ఎగిరి గంతేసేవాడు, అరుదండీ ఇవి అని, అసలు రంగు కాదు ముందు చూసింది, అంచు, ఖాకీ కాగితం కింద సగం దాగి, బయటికి సగం చంద్రుడిలా ఉన్న ఆ ముద్రకు అంచు రెండు గీతలుంది, ఒకదాని పక్కన ఒకటి, ఒక వెంట్రుకంత ఎడంగా, ఒకే ముద్ర రెండుసార్లు గుద్దితే పడే అంచు, ప్రపంచం మొత్తం మీద ఒక్క మనిషే అట్లా గుద్దుతాడు, తర్వాత చదివాడు అక్షరాలు, మొదటివి కాగితం కింద ఉన్నాయి, చివరివి బయట, వంచ, వంచ, నడిబజారులో పార్సిళ్ల బండ్ల మధ్య నిలబడి బుచ్చవ్వకు ఫోన్ చేశాడు, అక్కా, బాపు ముద్దర దొరికింది అంటే, మన బాపా అని అడిగింది, మన బాపేనక్కా, ఇంకెవల బాపు.

వాళ్ల నాన్న రాజలింగం పొద్దున గుంట మగ్గంలో కూర్చునేవాడు, ఎండెక్కాక కాళ్లు కడుక్కుని అరుగు మీదికొచ్చి బ్రాంచి పోస్టుమాస్టరు అయ్యేవాడు, అదే అంగీ, అదే మనిషి, గొంతు మాత్రం మారేది, ఊళ్లోవాళ్లకు సర్కారు గొంతు, పిల్లలకు బాపు గొంతు, ముద్ర పిడి పగిలి ఉండేది, ఒకసారి గుద్దితే సరిగా పడిందో లేదో అని నమ్మకం లేక మళ్లీ గుద్దేవాడు, లింగన్న రెండు దెబ్బలు కొడుతడు, ఒకటి సర్కారుకు, ఒకటి తనకు అని అరుగు కింద జనం నవ్వేవాళ్లు, సాలోళ్ల వాడంతా వినబడేది ఆ చప్పుడు, సదానందం సూరత్ వచ్చి సాంచాల మోతలో చెవులు పోగొట్టుకున్నాక కూడా ఆ రెండు దెబ్బలు మాత్రం లోపలెక్కడో పడుతూనే ఉన్నాయి, బాపు మొహం మాత్రం పోయింది, ముక్కు గుర్తుంది, కళ్లు గుర్తులేవు, మీసం ఉండేదా, ఉండేదని ఆయన అంటాడు, లేదని బుచ్చవ్వ అంటుంది, తేల్చుకోవడానికి ఒక్క ఫోటో లేదు, తపాలా వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు మీద ఒకటుండేది, బాపు పోయిన రోజు అది అంగీ జేబులో ఉంది, అంగీతో సహా కాష్టం మీద పెట్టారు, ఎవరికీ తోచలేదు, సూరత్ నుంచి సదానందం పోయేసరికి బూడిద కూడా చల్లారింది, ప్రతి ఏడూ పెత్రమాస నాడు, పెద్దల అమావాస్యకు, అయ్యగారికి బియ్యం పప్పు ఇచ్చి పెద్దల ఫోటోలకు బొట్టు పెట్టేటప్పుడు బుచ్చవ్వ తమను కన్న అవ్వ ఫోటోకు పెట్టి, పక్కన ఉత్త గోడకు కూడా ఇంత బొట్టు పెడుతుంది, సున్నం మీద కుంకుమ మరకలు, కాలనీ పిల్లలు తాతను చూపియ్యమంటే ఆ మరకలు చూపిస్తుంది, అందుకే నిన్న ఫోన్లో ఏడ్చింది, తమ్మీ, దాన్ని పెద్దగ జేయించి అద్దం కట్టిస్త, ఈ పెత్రమాసకు అవ్వ పక్కకు బాపును పెడుత, నా కండ్లు మొత్తం పోకముందే ఒక్కసారి చూస్త, మహేశుతోని ఫోన్ల పంపియ్యి అని, పంపుతానన్నాడు, కొడుకు మహేశుది పక్కూరు కిమ్‌లో డ్యూటీ, రేపొస్తాడు, ఫోటో తీసే ఫోన్ వాడి దగ్గరే ఉంది, పెత్రమాస గురువారం.

ఫోటో తీసేదాకా ఆగితే ఏం పోయేది. అదేం ప్రశ్న, సగం ముద్ర ఎట్లా పంపుతాడు, సగం బాపును గోడకు ఎట్లా కడతారు, మో లేకుండా దుగు లేకుండా ఉత్త వంచ అంటే ఏ ఊరని నమ్ముతారు, వాగు పొడుగునా ఎన్ని వంచలు లేవు, ఖాకీ కాగితం ఒక్కటీ ఊడదీస్తే చాలు, పూర్తిగా గుండ్రంగా, పేరు మొత్తం, తారీఖు మొత్తం, రెండు గీతల అంచు మొత్తం, శుభ్రంగా ఆరబెట్టి, పుస్తకం కింద సాపు చేసి, అప్పుడు ఫోటో, అది కదా పద్ధతి, ఆశకు కూడా ఒక పద్ధతి ఉంటుంది మరి, మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు, వజ్రమ్మ పెరుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి లేచాడు, నీళ్లు కాచాడు, మోచేయి ముంచి వేడి చూశాడు, చంటిబిడ్డకు చూసినట్టు, కార్డు పండుకోబెట్టాడు, కాగితం దానంతటదే వదిలేదాకా ఓపిక పట్టండి, పట్టాడు, కళ్లు మూసుకుని కూడా కూర్చున్నాడు కొంచెంసేపు, దేవుడి ముందు కూర్చున్నట్టు, ఖాకీ కాగితం ఓ మూల లేచింది, ఇక వస్తోంది అనుకున్నాడు, దాని కిందనుంచి సన్నగా ఒక దారం లాంటిది బయటికొచ్చింది, ఊదా రంగు దారం, నీళ్లలో మెలి తిరిగింది, ఇదేమిటని చూసేలోపు ఇంకో దారం, తర్వాత దారాలు కావు, పొగ, చేయి పెట్టి కార్డు లాగాడు, లాగిన చేతికే రంగంతా అంటుకుంది, ఆ కంగారులో ఖాకీ కాగితం ఊడి పడింది, దాని కింద ఏముందో చూద్దామంటే ఏమీ లేదు, ఉన్నదల్లా దాంతోపాటే వచ్చేసింది, సగం చాలనుకుని ఉంటే సగమన్నా ఉండేది కదా, సగం బాపును ఎవరు కాదన్నారు, ఎన్నేళ్లు గోడ మీద కుంకుమ మరకతో సరిపెట్టుకోలేదూ, కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, డ్యాం కట్టినవాళ్లను ఇన్నాళ్లు తిట్టాడు, వాళ్లు ఊరిని ముంచారు, పేరును ముంచడం వాళ్ల వల్ల కాలేదు, ఆ పని ఈయన చేశాడు, అదీ గోరువెచ్చటి నీళ్లతో.

వజ్రమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది, టబ్బు చూసింది, కార్డు చూసింది, మొగుడి చేతులు చూసింది, ఏమైందయ్యా, పోయిందా అంది, పోయింది అన్నాడు, మొత్తమా అంది, మొత్తం అన్నాడు, ఏడికి పోతది, నీళ్లల్లనే ఉన్నది గద అని ఆమె తన ధోరణిలో అనేసి, అన్నాక తనకే ఎట్లాగో అనిపించి పక్కన కూర్చుంది, నిజమే, ఎక్కడికీ పోలేదు, బాపు గుద్దిన రెండు దెబ్బలూ ఆ టబ్బులోనే ఉన్నాయి, తీసుకోవడమే తెలియదు, వడగడితే రాదు, మరగబెడితే రాదు, పట్టుకుంటే చేతికి అంటుతుంది గాని పేరై నిలవదు, ఎట్లా అయింది, తపాలా సిరా కారదే, అని మళ్లీ అన్నాడు, అన్న మాటే అన్నాడు, రావుగారు అబద్ధం చెప్పాడా, చచ్చినవాడి మీద ఎందుకు నింద, ఏళ్ల తరబడి గాలి తగలక సిరా పాడైందేమో, మునీమ్ గంజిలో ఏదన్నా మందు కలిపాడేమో, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు కదా, అదేనేమో, ఎవరో ఒకరు కావాలి తప్పు మోయడానికి, ముసలి మునీమ్ అయితే మంచిది, ఎదురు మాట్లాడడు, ఇంకో ఆలోచన కూడా వచ్చింది, సిగ్గులేని ఆలోచన, భాగల్ సందులో రబ్బరు ముద్రలు చేసేవాడున్నాడు, ఏ పేరు చెబితే ఆ పేరు చెక్కి అరగంటలో చేతిలో పెడతాడు, ఊదా రంగు సిరా పెట్టుకుని రెండుసార్లు గుద్దితే చాలు, బుచ్చవ్వకు చూపు ఆనదు, ఆమె మనవరాలు హారతి చిన్నపిల్ల, ఎవరు పట్టుకుంటారు, తీరా ఏమని చెక్కమంటాడు, పేరు పైన ఉందా కింద ఉందా, మధ్యలో గీత ఉందా లేదా, మో అనే అక్షరం ఎక్కడ మొదలవుతుంది, తెలియదు, పూర్తి ముద్రను ఆయన ఒక్క రెప్పపాటు కూడా చూడలేదు, సగాన్ని చూసి మిగతా సగాన్ని లోపల తనే పూరించుకుని ఊరేగాడు, చూడనిదాన్ని దొంగతనంగా కూడా చెయ్యలేడు మనిషి.

ఫోన్ మోగింది. వజ్రమ్మ తెచ్చి చేతిలో పెడుతూ వదినె అంది, అని లోపలికి పోలేదు, అక్కడే నిలబడింది, తమ్మీ, తిన్నవా అని మొదలుపెట్టింది బుచ్చవ్వ, రాత్రంత నిద్ర పట్టలేదురా, కాలనీల అందరికి జెప్పిన, ఎవలు నమ్మలే, సూరతుల ఏడనో దుకాణంల మీ బాపు ముద్దర ఎట్లుంటది ముసల్దానా అంటున్నరు, గురువారం రాండ్రి, చూతురు అని జెప్పిన, హారతి అద్దాల దుకాణపోనికి జెప్పొచ్చిందట, అవ్వ ఫోటో ఎంతుందో గంతే జేయమన్న, తక్కువ జేస్తె బాపు చిన్నబోతడు గద, అవునక్కా అన్నాడు సదానందం, అనగలిగాడు, అవునూ, ఏ రంగున్నదిరా ముద్దర అని అడిగింది, నల్లగున్నదా, కాదక్కా, ఊదగున్నది, నేరేడు పండు తీర్గ అన్నాడు, అటునుంచి నవ్వు వినబడింది, ముసలి నవ్వు కాదు, అరుగు మీద కూర్చున్న ఆడపిల్ల నవ్వు, అయ్యో, గదైతే నేను కలిపిందేరా, ఆ ముద్దర మసి నాది, వానకాలం వాగు పొంగితె పెద్దాఫీసు కెల్లి మసి రాకపోయేది, బాపు ఊకుంటడా, నూలుకేసే రంగు ఇంత దీసి గంజిల కలుపు బిడ్డా అనేటోడు, పోగులకు పెట్టే గంజే, గట్టిగ కలిపి ముద్దర అద్దే మెత్త మీద పూస్తె మంచిగ పడేది, నా అరచేతులు ఎన్నొద్దులు కడిగినా గట్లనే ఉండేటివి, నువ్వేమో నాకియ్యకుంట నేరేడు పండ్లు తిన్నవని నన్ను కొరికినవు, యాదికున్నదా, నీ పండ్ల గాటు ఇంక నా చేతికున్నది, అని చెప్పుకుపోతోంది, చెప్పుకుపోతూ ఒక్కసారి ఆగి, తమ్మీ, జర పైలం, తడి తగలనియ్యకు, గంజిల కలిపిందాయె, అది కచ్చా రంగు అంది.

తగలనియ్యనక్కా అన్నాడు, పైలంగనె ఉన్నది, రేపు మహేశు పంపుతడు అన్నాడు, పెట్టేసి ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు, కచ్చా రంగు, ఆ మాట మీదే కదా ఆయన తినే అన్నం, సాంచాలు నడపలేని ఒళ్లయ్యాక సేటు దుకాణంలో ఇచ్చిన కొలువే అది, తెల్లారి లేచి ముట్టుకునే ప్రతి బట్ట తానుకూ వేలు తడిచేసి అంచున రుద్ది, రంగు నిలిస్తే పక్కా, కారితే కచ్చా అని చెప్పడం, ఏ మిల్లు సరుకైనా, ఏ డిజైనైనా, ఎంత నమ్మకమైన వ్యాపారిదైనా ముందు తడి వేలు, తర్వాతే మాట, సాలోళ్ల ఇంట పుట్టిన పసిపిల్లకు కూడా వచ్చే విద్య, సదాభాయ్ వేలు పడితే అబద్ధం నిలవదు అని బజారులో పేరు, సేటు కొడుకు పెళ్లి చీరకు కూడా ఆయన వేలు పడాల్సిందే, ప్రపంచంలో బట్టలన్నిటికీ పడ్డ వేలు దీనికి పడలేదు, ఒక్క మూల, గోరంత, ఎక్కడో అంచు మీద, పడి ఉంటే తెలిసిపోయేది, తెలిస్తే ఆగేవాడు, ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఎందుకు పడలేదంటే అది బట్ట కాదు కాబట్టి, ముద్ర కాబట్టి, సర్కారుది కాబట్టి, సర్కారు రంగు పక్కా అని నమ్మకం, బాపు అరుగు మీద మారేది గొంతే గాని మనిషి కాదని తెలిసి కూడా, ఆ పెట్టెలో సర్కారు ముద్ర మీద రాసుకున్నది మగ్గం గంజే అని, అదీ అక్క చేతులతో అని, ఆయనకు తోచలేదు, కొరికిన చెయ్యి గుర్తులేదు, నేరేడు పళ్లు ఆమె తిననే లేదు, తెలియక కొరికాడు, ఇవాళ మళ్లీ ఆ చేతినే కొరికాడు.

బయట నల్లా వచ్చిన చప్పుడు, గల్లీ అంతా బిందెల మోత, వజ్రమ్మ ఫోన్లో ఆయన చెప్పిన అబద్ధం విన్నది, విని అన్నం గిన్నె, కూర గిన్నె, చాయ్ గిన్నె కూడా తీసుకుని పంపు దగ్గరికి పోయింది, టబ్బు అడగలేదు, జన్మలో మొదటిసారి అడగాల్సినది అడగలేదు, దానికి ఏడుపొచ్చింది ఆయనకు, ముద్ర పోయినందుకు రానిది దీనికి వచ్చింది, గురువారం కాలనీ జనం వస్తారు, బుచ్చవ్వ అవ్వ పక్కన చోటు తుడిచి పెట్టుకుంటుంది, అద్దాలవాడు ఫ్రేము కొలత తీసుకుని ఉంటాడు, రేపు మహేశు వచ్చి ఏది బాపూ అంటాడు, ఆ తర్వాత ఏం చెప్పినా ఆమెకు చేరేది ఒక్కటే, నువ్వు కలిపిన రంగును నేను కడిగేశాను అని, వేళ్లు రుద్దుకున్నాడు, వేళ్ల ఊదా అప్పుడే సగం వెలిసింది, కచ్చా రంగు చేతి మీద కూడా నిలవదు, వజ్రమ్మ చాయ్ గిన్నెలో నీళ్లు మోసుకొస్తుంటే చూడలేక లేచాడు, టబ్బు ఎత్తాడు, బరువేం లేదు, ఎప్పటి టబ్బే, మూలన మోరీలో వంచుతూ చూశాడు, ఎన్ని చేతులు మారింది ఆ కార్డు, బండెక్కింది, రైలెక్కింది, మునీమ్ చేతిలో పడింది, వాడు గంజి పూసి కుట్టాడు, అటక మీద పారేశాడు, ఎలుకలు పరిగెత్తాయి దాని మీద, సూరత్‌ను వరద ముంచిన ఏడు కింది దుకాణాలన్నీ మునిగాయి, ఆ అటకకు తడి తగల్లేదు, యాభై ఏళ్లు ఎవడూ దాని మొహం చూడలేదు, ఎవడికీ అది బాపు కాదు, వజ్రమ్మ వచ్చి ఖాళీ టబ్బు అందుకుంది, ఏమయ్యా అంది మెల్లగా, ఆయనకే ఇప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఆ ముద్ర బతికింది ఎవరికీ అక్కర్లేదు కనుకనే, దాన్ని ప్రేమించిన మనిషి చేతిలో అది ఒక్క రోజు కూడా బతకలేదు.